శ్రుతి సందేహాలు: పాత ఆర్గాన్‌లో ఏది మార్చాలి, దేని జోలికి పోకూడదు?

ప్రశ్న: మా అమ్మాయి హాంబర్గ్‌లో చదువుకుంటోంది. అక్కడి సెయింట్ యాకోబీ చర్చిలో 1693 నాటి పైపు ఆర్గాన్‌ను ఫోనులో మాకు వినిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చర్చి కాలిపోయిందట. మరి ఆర్గాన్ పాతదెలా అవుతుంది? పేరుకే పాతదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పేరుకే కాదమ్మా, నిజంగానే పాతది. దాన్ని కట్టింది ఆర్ప్ ష్నిట్గర్. చేతులతో వాయించే మెట్లు నాలుగు వరుసలు, కాళ్లతో వాయించే మెట్లు ఒక వరుస, మొత్తం 60 స్టాపులు (ఒక్కో రకం ధ్వనినిచ్చే గొట్టాల వరుసను పలికించే మీటలు). 1720లో జర్మన్ స్వరకర్త బాఖ్ అంతటివాడు ఆ చర్చిలో ఉద్యోగానికి ప్రయత్నించాడు.

1917లో జర్మన్ ప్రభుత్వం యుద్ధ అవసరాల కోసం ముందు వరుసలోని తగరపు గొట్టాలను జప్తు చేసింది. రెండో యుద్ధం వచ్చేసరికి చర్చివారు జాగ్రత్తపడ్డారు. గొట్టాలను, వాటి కింది గాలిపెట్టెలను విప్పి భద్రమైన చోట దాచారు. 1944 బాంబుదాడిలో చర్చితోపాటు ఆర్గాన్ చెక్క పెట్టె కాలిపోయింది. గొట్టాలు దక్కాయి. యుర్గెన్ ఆరెండ్ చేసిన పునరుద్ధరణ 1993లో పూర్తయింది. పెట్టెను పాత రూపంలోనే కొత్తగా చేయించారు. జప్తులో పోయిన ముందు గొట్టాలను మళ్లీ తయారుచేశారు. దక్కిన పాతవాటిని బాగుచేసి తిరిగి నిలబెట్టారు. ష్నిట్గర్ కూడా తనకు ముందున్న ఆర్గాన్‌లో బాగా పలికే గొట్టాలను పారేయకుండా తన ఆర్గాన్‌లో కలుపుకున్నాడు. కాబట్టి మీ అమ్మాయి విన్న గొట్టాల్లో కొన్ని 1693 కన్నా పాతవి!

ఇన్ని తిప్పలు దేనికంటే, ఆర్గాన్ గొంతు గొట్టం నోటి దగ్గర ఉంటుంది. గొట్టం అడుగు భాగంలోంచి వచ్చిన గాలి సన్నని చీలికగుండా పైకి వెళ్లి పైపెదవి అంచుకు తగులుతుంది. స్వరం అక్కడే పుడుతుంది. గట్టిగా పలకాలని ఆ చీలికను వెడల్పు చేసినా, పైపెదవిని కాస్త పైకి కోసినా గొట్టం వేరే మనిషిలా మాట్లాడుతుంది. కోసిన పెదవిని మునుపటిలా అతికించడం ఎవరి తరమూ కాదు. శ్రుతి చేయడంలోనూ ప్రమాదం ఉంది. గొట్టం పైఅంచును ఇత్తడి శంకువుతో తట్టి విప్పితే స్వరం పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. తగరం, సీసం కలిసిన లోహం మెత్తన. తరాల తరబడి తడితే అంచులు చిరిగిపోతాయి. అందుకే పాత ఆర్గాన్‌ను అస్తమానం శ్రుతి చేయడం నాకు నచ్చదు.

ప్రశ్న: చలికాలంలో ఆర్గాన్ శ్రుతి తప్పుతుందంటారు, ఎందుకు?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే మామూలు గొట్టాల స్వరం దాదాపు 3 సెంట్లు పెరుగుతుంది. అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు. లోపల అదిరే లోహపు నాలుకతో, అంటే రీడుతో, పలికే రీడు గొట్టాల స్వరం అంతగా కదలదు. అందువల్ల చలిలో రెండింటికీ పొంతన కుదరదు. అప్పుడు వందల మామూలు గొట్టాలను కదిలించకుండా, రీడు గొట్టాలనే వాటికి సరిపెడతారు. రీడును నొక్కిపట్టే తీగను కొద్దిగా పైకో కిందికో తడితే చాలు. చేత్తో పట్టుకుంటే ఆ వెచ్చదనానికే చిన్న గొట్టం స్వరం మారిపోతుంది. కనుక ముట్టుకున్నాక అది చల్లబడేదాకా ఆగి వినాలి.

ప్రశ్న: మా చర్చిలో తాతల నాటి కాళ్లతో తొక్కే హార్మోనియం ఉంది. సగం మెట్లు పలకవు. రీడ్లన్నీ తీసేసి కొత్తవి వేస్తామంటున్నారు. వేయించమంటారా?
– సంఘ పెద్ద, నరసాపురం

జవాబు: దయచేసి వేయించకండి. మా నాన్నగారు హార్మోనియంలు బాగుచేసేవారు, నేనూ అదే పని చేస్తున్నాను. పలకని రీడు చాలాసార్లు చెడిపోయి ఉండదు, దుమ్ము పట్టి ఉంటుంది. నాలుకకూ చట్రానికీ మధ్య వెంట్రుకంత నలుసు చేరినా నోరు పెగలదు. రీడును బయటికి లాగి, మెత్తని కుంచెతో దులిపి, నాలుకను మెల్లగా ఎత్తి వదిలితే చాలావరకు పలుకుతుంది.

అప్పటికీ శ్రుతి కలవకపోతేనే ఆకురాయి పట్టాలి. కొస దగ్గర గీస్తే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీస్తే తగ్గుతుంది. గీసిన ఇత్తడి తిరిగి రాదు, కనుక అనుభవం ఉన్నవారికే అప్పగించండి.

మీరు నిస్సంకోచంగా మార్చదగినవి వేరే ఉన్నాయి: తిత్తుల మీది చీలిన గుడ్డ, ఎండిపోయిన తోలు, పురుగు తిన్న ఉన్ని పట్టీలు. ఎప్పుడైనా అరిగిపోయేవి అవే. విప్పే ముందు ప్రతి వరుసనూ ఫోటో తీయించండి. ఏ రీడు ఏ గూటిలోదో పెన్సిలుతో అంకె వేయించండి. చెదల కోసం పెట్టె అడుగు చూడండి, గోడకు జానెడు ఎడంగా జరపండి. ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో ఒక కాగితం మీద రాసి పెట్టెలోపల అతికించండి. తీసేసిన పాత ముక్కలను మాత్రం సంచిలో వేసి దాచండి, వచ్చే మరమ్మతుకు కొలతలు వాటిలోనే దొరుకుతాయి.