బోరులో పెట్రోలు వాసన: రాజీ పత్రం రాసివ్వవచ్చా?

ప్రశ్న: మా ప్రహరీ పక్కనే పెట్రోలు బంకు ఉంది. నాలుగున్నర నెలలుగా మా బోరు నీళ్లు పెట్రోలు వాసన వస్తున్నాయి. భూమిలోని ట్యాంకు కారిందని డీలరు ఒప్పుకున్నాడు. ట్యాంకు మార్చి, మా వైపు మట్టి తవ్వించి కొత్త మట్టి పోయిస్తాడట. కొంత సొమ్ము తీసుకుని 'ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు' అని రాసివ్వమంటున్నాడు. రాసివ్వవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మట్టి మార్చినంత మాత్రాన నీరు బాగుపడదు. కారిన పెట్రోలు నేలలోకి దిగి భూగర్భ జలం మీద తేలుతుంది. అందులోని బెంజీన్ వంటివి నీటిలో కరిగి, ఆ నీటి వాలు వెంట పక్క స్థలాలకూ పోతాయి. జలమట్టం పెరిగి తగ్గినప్పుడల్లా నూనె మట్టి పొరలకు పట్టేస్తుంది. ఈ నెల బాగున్న బోరు మట్టం మారాక మళ్లీ వాసన కొట్టేది అందుకే.

మీకు ముందున్న చిక్కు గడువు. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం, 2010లోని 14వ సెక్షన్ కింద పర్యావరణ వివాదం తేల్చమని కోరాలంటే, వివాద కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు అయిదేళ్ల గడువుంది. రాజీ మాటలు, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన అర్జీలు ఈ లెక్కను ఆపుతాయనుకోకండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచ్ వర్తిస్తుంది. ట్రైబ్యునల్ తేల్చగల ఈ విషయాలకు 29వ సెక్షన్ సివిల్ కోర్టు తలుపు మూసేసింది కాబట్టి అక్కడ దావా వేసి నెలలు పోగొట్టుకోవద్దు. డీలరుతో పాటు ఆయిల్ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. చాలా బంకుల్లో ట్యాంకులు కంపెనీవే. పైగా నీటి శుద్ధి ఏళ్ల తరబడి సాగవచ్చు, ఆ ఖర్చు డీలరు ఒక్కడి వల్ల కాకపోవచ్చు.

ఈలోగా కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుకు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఫిర్యాదులో వాటినీ ప్రస్తావించండి. నీటి నమూనా మండలి అధికారి సమక్షంలో తీయించడం మేలు. ప్లాస్టిక్ సీసాలో పట్టిస్తే బెంజీన్ ఎగిరిపోయి 'ఏమీ లేదు' అని నివేదిక వస్తుంది. అవతలి పక్షానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను గాలిబుడగ మిగలకుండా నింపి, ఆమ్లం కలిపి, మంచులో పెట్టి ల్యాబ్‌కు పంపాలి. మీరు మాత్రం ఆ నీటిని తాగకండి, స్నానానికీ వాడకండి. కాచితే ఆవిరి ఇంట్లోనే నిండుతుంది. సంపులో, బోరు గదిలో నిప్పురవ్వ పడనివ్వకండి.

రాజీయే కావాలనుకుంటే పత్రంలో డబ్బు అంకె కంటే శుద్ధి షరతులు ముఖ్యం. కనీసం మూడు పరిశీలన బోర్లు వేయాలి, అంతకు తక్కువైతే నీటి వాలు ఎటో తేలదు. ముందు తేలే నూనెను తోడాలి. ఆ తర్వాత మట్టిలోని ఆవిరిని పీల్చే పద్ధతి పెట్రోలుకు, ఇసుక నేలకు బాగా నప్పుతుంది. బంకమట్టిలో గాలి కదలదు, డీజిలు అంతగా ఆవిరి కాదు. నీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించకూడదని రాయించండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి అది. శుద్ధి యంత్రాలు ఆపిన రోజు చేసిన పరీక్షను ఒప్పుకోవద్దు. పంపులు ఆగాక మట్టికి పట్టిన నూనె మళ్లీ నీటిలోకి దిగుతుంది. ఆపాక వరుసగా నాలుగు త్రైమాసికాలు ఫలితం పరిమితిలోనే ఉండాలి, అప్పటిదాకా ప్రత్యామ్నాయ నీరు వాళ్లే ఇవ్వాలి. తవ్విన మట్టి అధీకృత ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరినట్టు రవాణా పత్రాల నకళ్లు అడగండి. లేకుంటే అది ఎవరి చేలోనో తేలుతుంది. 'ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న మాటను ఆ తేదీకి తెలిసిన నష్టం వరకే పరిమితం చేయండి. మీ సంతకం మండలినీ ఇతర పొరుగువారినీ కట్టిపడేయదు.

ట్యాంకు పైకి తీసే రోజు మండలి అధికారి అక్కడ ఉండేలా ముందే కోరండి. గొయ్యి పూడ్చేస్తే రంధ్రం ఎక్కడుందో, మట్టి ఎంత లోతు తడిసిందో చెప్పే ఆధారం పోతుంది. బంకు రోజువారీ స్టాకు రిజిస్టరు కూడా తెప్పించమని ట్రైబ్యునల్‌ను అడగండి. కారడం ఎప్పుడు మొదలైందో ఆ తరుగు అంకెలను బట్టి తెలుస్తుంది.