వాల్వ్ ఆపరేషన్ చేస్తే పొట్టెందుకు ఉబ్బింది?

"మా మామయ్యకు గుండె వాల్వ్ మార్చి నాలుగు రోజులైంది. పొట్ట ఉబ్బి ఏమీ తినలేకపోతున్నారు, గుండెకూ పొట్టకూ ఏం సంబంధం?" అని ఒకరు అడిగారు. 2018లో ఐసీయూ బయట కూర్చుని నేనూ ఇదే అడిగాను.

అమ్మకు చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ పాడైతే మెటల్ వాల్వ్ వేశారు. మూడో రోజు ఇడ్లీ ముక్క పెట్టబోతే తల తిప్పేసుకుంది. దుప్పటి తీసి చూస్తే పొట్ట డోలులా బిగుసుకుని ఉంది. సర్జన్ గారు స్టెతస్కోప్ బొడ్డు పక్కన ఆనించి చాలాసేపు విన్నారు. "పేగులు ఇంకా నిద్ర లేవలేదు" అన్నారు. ముక్కులోంచి గొట్టం వేస్తే సంచిలోకి పసరు నీళ్లు అర లీటరు పైనే దిగాయి. నోటికి అన్నీ బంద్. పొటాషియం తగ్గిందని ఎక్కించారు, మంచం దింపి నడిపించారు. సిస్టర్ వచ్చినప్పుడల్లా "గ్యాస్ పోయిందా అమ్మా?" అనడం, అమ్మ సిగ్గుతో గోడవైపు తిరగడం. ఐదో రోజు తెల్లవారుజామున గ్యాస్ పోయింది, పక్క మంచాలకు కూడా వినిపించేలా! నాన్న లేచి దండం పెట్టుకున్నారు. నడకవల్లే పోయిందని నా నమ్మకం.

సంబంధం ఏమిటంటే, గుండెను ఆపినంతసేపూ రక్తాన్ని మిషన్ తిప్పుతుంది. అది మామూలుగా నాడి కొట్టినట్టు కొట్టదు, ఒకే ధారగా పారుతుంది. పేగులకు రక్తం తగ్గొచ్చు. బీపీ నిలబెట్టే మందులు అక్కడి నాళాలను ఇంకా బిగిస్తాయి, నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటివి కదలికను మందగింపజేస్తాయి. చాలామందికి సర్దుకుంటుంది. వందలో ఒకరిద్దరికి మాత్రం పేగు కుళ్లడం, రక్తస్రావం, పాంక్రియాస్ (క్లోమం) వాపు లాంటివి వస్తాయి, అవి ప్రాణం మీదికి తెస్తాయి. నొప్పి తట్టుకోలేనంతగా ఉన్నా, విరేచనం నల్లగా వచ్చినా డాక్టర్ రౌండ్స్‌కి వచ్చేదాకా ఆగకండి, అప్పుడే పిలవండి.

చూడ్డానికొచ్చేవాళ్లతో జాగ్రత్త. మా బాబాయి "గ్యాసేగా" అంటూ సోడా సీసా తెచ్చాడు, గొట్టం వేసి ఉన్న మనిషికి! ఇంకొకాయన, మెటల్ వాల్వ్ కోసం అమ్మకిచ్చిన రక్తం పలచబడే మాత్రలు వాడితే ఆకుకూర ముట్టకూడదన్నాడు. నమ్మి ఆరు నెలలు తోటకూర వండలేదు. తర్వాత డాక్టర్ని అడిగితే, మానక్కర్లేదు, రోజూ ఒకేలా తింటూ ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూపించుకుంటే చాలన్నారు. ఆ తోటకూర బాకీ గురించి అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.