నానో సిలికా కలిపే ముందు నీళ్ల లెక్క చూసుకో

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ఉక్కు పీచుల కాంక్రీటులో నానో పదార్థం కలిపి బలం పెంచే పని ప్రాజెక్టుగా తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. మంచిదే. కార్బన్ నానోట్యూబుల (కంటికి కనపడనంత సన్నని కార్బన్ గొట్టాలు) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. ఖరీదు సంగతి అలా ఉంచు, అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కడతాయి. వాటిని విడదీసే కుస్తీలోనే సెమిస్టరు గడిచిపోతుంది. నానో సిలికా, అంటే అతి సన్నని సిలికా రేణువులు, తీసుకో. పొడి అయితే గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి, నీళ్లలో కలిపి అమ్మే ద్రవమే కొను.

సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా పుడుతుంది. దానివల్ల పెద్దగా బలం రాదు. పైగా పీచు చుట్టూ, కంకర చుట్టూ ఉండే బలహీనమైన పొరలోనే అది ఎక్కువగా పేరుకుంటుంది. నానో సిలికా దానితో చర్య జరిపి బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌ను తయారుచేస్తుంది. పొర చిక్కబడుతుంది, పీచుకు పట్టు దొరుకుతుంది. నువ్వు పట్టించుకోవలసింది ఆ పట్టునే. క్యూబు బలం (కాంక్రీటు దిమ్మ నొక్కుడుకు తట్టుకునే బలం) కొంత పెరిగితే సంతోషమే కానీ, అందుకోసమైతే పీచులతో పనేముంది?

ఇక చాలామంది బోల్తా పడే చోటు చెబుతాను. ఘనపు మీటరుకు 400 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీళ్లు అనుకో, అంటే నీళ్లకూ సిమెంటుకూ నిష్పత్తి 0.40. సిమెంటు బరువులో 2 శాతం నానో సిలికా అంటే 8 కిలోలు. ద్రవంలో ఘనపదార్థం 30 శాతమే ఉంటే, ఆ 8 కిలోల కోసం దాదాపు 26.7 కిలోల ద్రవం పోయాలి. అందులో 18.7 కిలోలు ఒట్టి నీళ్లే! వాటిని 160లోంచి తీసేయకపోతే నిష్పత్తి 0.45 దగ్గరికి చేరుతుంది. అప్పుడు బలం తగ్గిందని నానో సిలికాను తిట్టుకుని లాభం లేదు.

అంత సన్నని రేణువులు నీటిని పీల్చుకుంటాయి, స్లంప్, అంటే పచ్చి కాంక్రీటు జారుడుతనం, పడిపోతుంది. నీళ్లు చిలకరించకు, నీళ్లు పెంచకుండానే జారుడుతనం ఇచ్చే మందు, సూపర్ ప్లాస్టిసైజర్ పెంచు. నానో సిలికా ద్రవాన్ని కాంక్రీటుకు వాడే నీళ్లలో ముందే బాగా కలిపి, సిమెంటు, ఇసుక, కంకర ఉన్న మిక్సర్‌లో పొయ్యి. పీచులు చివర్లో, మిక్సర్ తిరుగుతుండగా చల్లు. గుప్పెళ్లతో వేస్తే పిచ్చుక గూళ్లలా చుట్టుకుపోతాయి. చేతికి తొడుగులు మరవకు, గుచ్చుకుంటాయి.

మామూలు కాంక్రీటు, పీచులతో, నానో సిలికాతో, రెండూ కలిపి అని నాలుగు రకాలూ పోయాలి. లేకపోతే ఏది దేని పుణ్యమో తేలదు. 28 రోజుల క్యూరింగ్ (తడిగా ఉంచడం) తర్వాత బీములను వంచి పరీక్షించేటప్పుడు, పగులు వచ్చాక యంత్రం ఆపేయకు. భారం ఎలా దిగుతుందో చివరిదాకా నమోదు చెయ్యి. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూడు. చివర ఉండే కొక్కెం సాగి నిటారైన పీచులు బయటికి వచ్చి ఉంటే పట్టు సరిగ్గా పనిచేసినట్టే. పుటుక్కున తెగి ఉంటే పట్టు శ్రుతి మించింది, బీము పెళుసుగా విరుగుతుంది. అప్పుడు నానో సిలికా తగ్గించు, లేదా ఇంకా బలమైన ఉక్కు పీచు వెతుకు. అందుకే 3 శాతంతో మొదలుపెట్టకుండా 1 నుంచి ఎక్కు.

డబ్బా మీద ఘనపదార్థం శాతం రాసి ఉంటుంది. ఫొటో తీసి పంపు, మొదటి మిశ్రమం లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

మీ పెదనాన్న