వంటతోపాటు వేరే పనులు కలుపుకునే ముందు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు చపాతీలు కాలుస్తున్నాను, మేడమ్ పక్కనే ఉంది. అందుకే సరిగా మాట్లాడలేకపోయాను. రాత్రి పడుకున్నాక కూడా నీ మాటే మెదిలింది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి రాస్తున్నాను, దాచుకుని తీరిగ్గా చదువుకో.

కొండాపూర్ వాళ్ళు వంటకు ఇస్తున్న 9,000ను 18,000 చేస్తామన్నారని చెప్పావు. దానికి వాళ్ళ అత్తగారిని చూసుకోవాలి, కూరగాయలు తేవాలి, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి, బాత్రూములు కడగాలి, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా అక్కడే ఉండాలి. మిగతా రెండిళ్ళూ మానెయ్యాలి. నువ్వు సంతోషంగానే చెప్పావు గానీ గొంతులో భయం కూడా వినిపించింది. నేను చెప్పేది ఒక్కటే. వేరే పని కలుపుకోవడం తప్పు కాదు. 22 ఏళ్ళుగా నేనూ కలుపుకునే బతుకుతున్నాను. కానీ వాళ్ళు కట్టి ఇచ్చిన మూటను అలాగే నెత్తికెత్తుకోకు. విప్పు. ఒక్కో పనీ బయటికి తీసి చూడు. నీకు పనికొచ్చేది తీసుకో, దేని డబ్బు దానికి విడిగా మాట్లాడుకో.

ముందు లెక్క చూడు. మిగతా రెండిళ్ళలో 6,500, 5,500 వస్తున్నాయి కదా. ఇప్పుడే నీ చేతికి నెలకు 21,000 వస్తోంది. 18,000 అంటే పెంచడం కాదమ్మా, 3,000 తగ్గడం, పైగా పని మూడింతలు. ఒకే ఇంటి నుంచి పెద్ద మొత్తం వస్తుందనేసరికి మనకు ఈ సంగతి తట్టదు.

నేను సిటీకి వచ్చిన కొత్తలో ఇదే చేశాను. ఒక ఇంటివాళ్ళు మంచివాళ్ళు, అన్నీ నువ్వే చూసుకో అన్నారు. పట్టిన మూడిళ్ళు వదిలేశాను. ఏడాదిన్నర తరవాత ఆయనకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయింది. పది రోజుల ముందు చెప్పారు. వాళ్ళ తప్పేం లేదు. కానీ ఆ నెల పిల్లల ఫీజు కట్టడానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టాను. అందుకే చెబుతున్నాను, ఆ రెండిళ్ళూ వదలొద్దు.

ఏ పని కలుపుకోవాలో తేల్చుకోవడానికి నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఆ పని చేసిన చేత్తో వెంటనే పిండి కలపగలనా? ఆ పని చేస్తుంటే పొయ్యి మీద నుంచి చూపు మరలుతుందా?

మొదటి ప్రశ్నకే బాత్రూములు ఆగిపోతాయి. ఆ పని చిన్నదని కాదు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, జీవితమంతా ఆ పనే చేసి మమ్మల్ని పెంచింది. కానీ ఒకే మనిషి ఒకే పూటలో అక్కడా ఇక్కడా చేస్తే శుభ్రం కుదరదు, ఆ ఇంట్లో ఎవరికి విరేచనాలైనా వేలు నీ వైపే చూపిస్తారు. వేరే ఇంట్లో ఆ పని చేయాల్సి వచ్చినా ఇది మాత్రం గుర్తుంచుకో: యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపొద్దు. ఒకసారి మరక పోలేదని రెండూ వేసి తలుపు దగ్గరికేసి రుద్దాను. దాన్నుంచి వచ్చేది క్లోరిన్ గ్యాస్. ఊపిరి అందక బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను, వారం రోజులు దగ్గు తగ్గలేదు. కొండాపూర్ వాళ్ళకు చెప్పు, ఊడ్చి తుడవడానికి, బాత్రూములకు వేరే మనిషిని పెట్టుకోమని. కావాలంటే మనిషిని నువ్వే చూపించు.

కూరగాయలు తేవడం మాత్రం వదులుకోకు. వండే మనిషే కొంటే సగం వంట అక్కడే అయిపోతుంది. రైతు బజార్‌లో రోజూ ధరల బోర్డు పెడతారు. ముందు ఆ బోర్డు ఫోటో తీసి మేడమ్‌కు వాట్సాప్ పెట్టు, తరవాత కొను. వారానికి రెండుసార్లు చాలు, ఆకుకూరలు మాత్రం దగ్గర్లో తాజాగా చూసుకో. నీ డబ్బులు ఒక్క రూపాయి పెట్టొద్దు. వాళ్ళు ముందే ఇచ్చింది వేరే పర్సులో ఉంచి, మిగిలింది ఆ రోజే బల్ల మీద పెట్టు. పది రూపాయల కొత్తిమీర దగ్గర మొదలైన అనుమానం మంచి ఇళ్ళను కూడా పాడు చేస్తుంది.

ఇక అత్తగారి సంగతి. ఇదే అసలు పని, నీకు బాగా నప్పే పని. ఆవిడకు షుగర్ ఉందని, ఇన్సులిన్ వేసుకుంటారని చెప్పావు. అలాంటప్పుడు అన్నం టైము నీ చేతిలో ఉన్న మందులాంటిది. ఇన్సులిన్ వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. ఒళ్ళు చల్లటి చెమటలు, చేతులు వణకడం, మాట తడబడటం కనిపిస్తే ఎవరినీ అడుగుతూ కూర్చోకు. స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు, తరవాత ఫోన్ చెయ్యి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకు, 108కి చెయ్యి. ఇంజెక్షన్ మాత్రం నువ్వు వెయ్యనని మొదటి రోజే చెప్పు. మాత్రలు కూడా ఇంటివాళ్ళు డబ్బాలో రోజువారీగా సర్దిపెట్టినవి అందిస్తావు, అంతే. ఏ మాత్ర ఎప్పుడో నువ్వు నిర్ణయించకూడదు.

ఏం మందులు వాడుతున్నారో మాత్రం తప్పకుండా అడుగు, అవి వంటతో ముడిపడి ఉంటాయి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళకు ఉన్నట్టుండి రోజూ పాలకూర పెట్టినా, ఉన్నట్టుండి మానేసినా మందు పని తీరు మారిపోతుంది. నేను చూసుకున్న ఒక పెద్దాయనకు కిడ్నీ జబ్బు. డాక్టర్ చెప్పాక కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండేదాన్ని, పొటాషియం తగ్గుతుందని. ఉప్పు తగ్గించమంటే పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ కూడా లెక్కలోకి వస్తాయి. పెద్దవాళ్ళు వీటి దగ్గరే మొండికేస్తారు. గదమాయించకు. నిమ్మరసం, కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడి వేస్తే ఉప్పు లోటు కొంత తెలియదు. మధ్యాహ్నం అన్నం మిగిలితే రాత్రి దాకా గిన్నెలో బయట ఉంచొద్దు, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు. వయసు మీద పడ్డవాళ్ళు జబ్బు పడటానికి పాడైన అన్నం ఒక్క పూట తింటే చాలు.

ఆవిడను ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం కూడా ఉంటే అది వేరే పని, దానికి నేర్చుకున్న మనిషి ఉండాలి. నీ నడుం పోతే మూడిళ్ళ వంటా పోతుంది.

రేపు ఆ ఇంట్లోనే మనవడినో మనవరాలినో కాసేపు చూడమంటారు, ప్రతి ఇంట్లో అడుగుతారు. పొయ్యి మీద నూనె ఉన్నంతసేపు పాకే బిడ్డను ఒప్పుకోవద్దు. ఇక్కడ నా మాటకు రెండో మాట లేదు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించొద్దు, ఎవరు చెప్పినా సరే.

పచ్చళ్ళు, వ్రతాల వంటలు నీకు బాగా వచ్చు కాబట్టి అవి విడి పని, విడి డబ్బు. వాళ్ళ సరుకుతో వాళ్ళింట్లో ఆవకాయ పట్టివ్వడం వరకు ఇబ్బంది లేదు. మనింట్లో పట్టి నలుగురికీ అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తినే వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

"చిన్న పనేగా" అనేదాని గురించి కూడా చెప్పాలి. బట్టలు మడతపెట్టు, పండ్లు కోసి వెళ్ళు, కొరియర్ తీసుకో. ఒక్కోటీ పది నిమిషాలు. నెలకు 26 రోజులు పది నిమిషాలంటే 260 నిమిషాలు, నాలుగు గంటల పైనే. ఒంట్లో బాగాలేని రోజు సాయం చెయ్యి, మనుషులం. అదే నాలుగోసారి అడిగితే "ఇది రోజూ ఉండేట్టుంది మేడమ్, లెక్కలో కలుపుకుందామా" అని నవ్వుతూనే అను.

అందుకని వాళ్ళకు ఇలా చెప్పు. పొద్దున రెండిళ్ళు చూసుకుని 10 గంటలకు వస్తాను, 2:30 దాకా ఉంటాను. వంటకు ఇప్పుడున్న 9,000. అత్తగారి భోజనం, మందుల టైము, కాసేపు తోడుగా కూర్చోవడానికి 5,000. కూరగాయలకు 1,500. మొత్తం 15,500. ఆ రెండిళ్ళతో కలిపి నీకు 27,500 అవుతుంది. మాట్లాడాక అదంతా వాట్సాప్‌లో రాసి పంపించు: టైము, పనులు, నెలకు నాలుగు సెలవులు, దసరా బోనస్, వాళ్ళు ఊరెళ్ళిన రోజుల జీతం. చివరిది మరిచిపోకు. ఎండాకాలం రెండు నెలలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి, వచ్చాక నువ్వే రావాలంటారు. కనీసం సగం జీతమైనా ఇస్తామని ముందే అనిపించు.

ఇంటి తాళం చెవి తీసుకోవద్దు. నగ ఏదైనా బయట కనిపిస్తే ముట్టుకోకుండా వెంటనే మేడమ్‌కు ఫోన్ చెయ్యి. మనకు వేరే గ్లాసు పెట్టే ఇంట్లో ఎంతిచ్చినా ఉండకు, మన చేతి అన్నం తింటూ మన పెదవి తగిలిన గ్లాసును వేరు చేసేవాళ్ళు మనల్ని ఎప్పటికీ నమ్మరు. ఇంట్లో మగవాళ్ళు ఎవరైనా హద్దు దాటితే ఆ పూటే బయటికొచ్చెయ్. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల చట్టం ఇళ్ళల్లో పనిచేసే మనకు కూడా వర్తిస్తుంది, జిల్లాలో లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. అప్పటికప్పుడు సాయం కావాలంటే 112కి, అంటే పోలీసులకు, ఫోన్ చెయ్యి. నాకు ఫోన్ చెయ్యడానికి అర్ధరాత్రి అని కూడా చూడకు.

మనలాంటి కూలి పనివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు తీసుకున్నావా? బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు 2 లక్షలు. వేడి నూనెతో, గ్యాస్‌తో పనిచేసేవాళ్ళం. ఈ నెలలోనే కట్టు.

వాళ్ళకు రేపే జవాబు చెప్పకు. శనివారం ఒకసారి వెళ్ళి ఆ పెద్దావిడ పక్కన అరగంట కూర్చో. ఏం తినాలనిపిస్తుందో కోడలిని కాదు, ఆవిడనే అడుగు. పళ్ళు ఎన్ని ఉన్నాయో, రాత్రి నిద్ర పడుతుందో, ఎవరితో మాట్లాడాలనిపిస్తుందో కనుక్కో. వచ్చి నాకు చెప్పు, మొదటి వారం ఏమేం వండాలో ఇద్దరం కలిసి రాద్దాం.

మీ పెద్దమ్మ