సైలెన్సర్ వేడితో కరెంటు తీయొచ్చా? మా గానుగ ఇంజన్ మీద చేసి చూశాం

తమ్ముడూ, బైక్ సైలెన్సర్‌కి పెల్టియర్ బిళ్లలు (ఒక పక్క వేడి, ఇంకో పక్క చలి ఉంటే కరెంటు ఇచ్చే చదును బిళ్లలు) అతికించి సెల్‌ఫోన్ చార్జ్ చేయొచ్చా, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి పనికొస్తుందా అని అడిగావు. కరెంటు వస్తుంది. లోడు లేనప్పటి వోల్టేజీని షార్ట్ చేసినప్పటి కరెంటుతో గుణించి నువ్వు లెక్కేసినంత మాత్రం రాదు.

చిత్తూరు దగ్గర మా మామగారికి చెరుకు గానుగ ఉంది. 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్, సీజన్‌లో పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఆగదు. పోసిన డీజిల్ శక్తిలో దాదాపు మూడో వంతు పొగతోనే పోతుంది. ఆ ఇంజన్‌కి అది మూడు నాలుగు కిలోవాట్ల వేడి. అది చూసే నాకూ ఆశ పుట్టింది.

మొదట టీఈసీ1-12706 బిళ్లలు తెచ్చాను. అవి చల్లబరచడానికి చేసినవి. చాలావాటిలో లోపలి టంకం 138 డిగ్రీలకే కరుగుతుంది. పావుగంటకే మీటరు సున్నాకి వచ్చింది. విప్పి చూస్తే పైనున్న తెల్ల పలక వేలితో తోస్తే జారిపోయింది, లోపలి నల్లటి గింజలు వరస తప్పి ఉన్నాయి.

తర్వాత కరెంటు తీయడానికే చేసిన బిళ్లలు నాలుగు కొన్నాను. పొగ గొట్టమేమో గుండ్రం, బిళ్లేమో చదును. తిరుపతిలో లేత్ షాపులో అల్యూమినియం దిమ్మెకి ఒక పక్క గొట్టం వంపు, ఇంకో పక్క చదును చేయించి, వేడి బాగా దాటేలా థర్మల్ పేస్ట్ రాసి బిగించాం. బయటి పక్క వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మె, అంటే హీట్ సింక్ పెట్టాం. ఐదు నిమిషాలు మీటరు బాగా ఎక్కింది, ఆ తర్వాత దిగుతూనే ఉంది. మార్చి ఎండకి హీట్ సింక్ చెయ్యి పెట్టలేనంత కాలిపోయింది. బిళ్లకి కావాల్సింది రెండు పక్కల మధ్య తేడా. ఆ తేడా సగమైతే వోల్టేజీ, కరెంటు రెండూ సగమై, పవర్ నాలుగో వంతుకి పడిపోతుంది. 1977లో వెళ్లిన వాయేజర్ నౌకలు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. వాటికి లోపల ప్లుటోనియం వేడి, బయట అంతరిక్షపు చలి. మనకి ఆ చలి బోరు నీళ్లలోనే దొరకాలి.

హీట్ సింక్ తీసేసి వాటర్ బ్లాక్ (లోపల నీళ్లు పారే లోహపు దిమ్మె) పెట్టి, పైనున్న తొట్టి నుంచి నీళ్లు సన్నగా పారించాం. పంపు పెట్టి ఉంటే వచ్చిన కరెంటంతా అదే తినేసేది. తేడా 90 డిగ్రీల దగ్గర నిలబడింది. లోడు, అంటే కరెంటు వాడే దీపం లాంటిది లేకుండా ఒక్కో బిళ్ల 4.2 వోల్టులు, రెండు తీగలూ నేరుగా కలిపి షార్ట్ చేస్తే అర ఆంపియర్‌కి కాస్త పైన చూపించింది. ఈ రెండూ గుణించేయకు, నీ లెక్కలో పొరపాటు అదే. లోడు పెట్టగానే వోల్టేజీ పడిపోతుంది. ఎంత బాగా కుదిరినా చేతికొచ్చేది ఆ గుణకారంలో నాలుగో వంతు. నాలుగు బిళ్లలూ కలిపి మాకు వచ్చింది సుమారు రెండున్నర వాట్లు. ఆ రోజు చీకటి పడే వేళ బెల్లం పెనం దగ్గర ఎల్ఈడీ దీపం వెలిగింది. మామగారు ఆ వెలుగులోనే పాకం నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో చూసుకున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

బైక్ వద్దు. దానికి ఎలాగూ సొంత జనరేటర్ ఉంది, పైగా సిగ్నల్ దగ్గర ఆగగానే గాలి ఆగి రెండో పక్క కూడా వేడెక్కుతుంది. గంటల తరబడి ఒకేచోట తిరిగే ఇంజన్ పట్టుకో. నన్నడిగితే పిప్పి మంట మీద నడిచే బెల్లం పొయ్యి ఇంకా మేలు. గొట్టం లోపల రేకులు మాత్రం పెట్టకు, పొగకి అడ్డుపడి ఇంజన్ లాగదు. మసిని వారానికోసారి గీకాలి. లోడు రెసిస్టెన్స్ మారుస్తూ పవర్ గ్రాఫ్ గీయి, ప్రాజెక్టుకి అసలు విషయం అక్కడే ఉంది.

ఇంకోటి, నీళ్లు వదిలాకే ఇంజన్ తిప్పు. ఒకరోజు మేం తొట్టి వాల్వ్ తెరవడం మర్చిపోయి రెండు బిళ్లలు పోగొట్టుకున్నాం.