పీచు మెల్లగా పెంచు, నాయనా

అనంతపురం

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మలబద్ధకంతో అవస్థ పడుతున్నావనీ, డాక్టరు పీచు పదార్థం ఎక్కువ తినమన్నారనీ, ఆ సాయంత్రమే నువ్వు ఏదో పొడి డబ్బా కొనుక్కున్నావనీ మీ అమ్మ చెప్పింది. డబ్బా పక్కన పెట్టి ముందు ఈ ఉత్తరం చదువు.

ఆరేళ్ల కిందట షుగరు బయటపడినప్పుడు నేనూ ఇలాగే తొందరపడ్డాను. మరునాడే అన్నం మానేశాను. పొద్దున మొలకలు, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి ఉలవలు. నాలుగో రోజుకు కడుపు తప్పెటలా బిగిసింది. నేను మిద్దె మీద పచార్లు చేస్తుంటే మీ పెదనాన్న మంచం మీద పడి నవ్వడం! పాపం, ఉలవలది తప్పు కాదు. పీచు మన జీర్ణరసాలకు లొంగదు. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు అందులో కొంత పులియబెడతాయి, అప్పుడే గ్యాసు పుడుతుంది. వాటికి అలవాటు కావడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. నీళ్లు కూడా ముఖ్యం. పీచు నీటిని పట్టి ఉంచితేనే మలం మెత్తబడుతుంది, నీళ్లు చాలకపోతే ఉన్న బిగువు ఇంకా పెరుగుతుంది. అందులోనూ నీది కర్నూలు ఎండ.

రోజుకు రెండు వేల కేలరీలు తినేవారికి సుమారు 30 గ్రాముల పీచు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల తెల్ల బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు దాకా ఉంటుంది. మెస్సులో ఎన్నిసార్లు మారు వడ్డించుకున్నా ఆ లోటు తీరదు.

ఈ వారం ఒక్కటే మార్చు. సాయంత్రం వీధిలో జొన్న రొట్టెలు తట్టి అమ్ముతారు కదా, రాత్రి అన్నానికి బదులు ఒక రొట్టె, గోరుచిక్కుడు కూరో పప్పో. వచ్చే వారం దానికి ఒక జామకాయ చేర్చు, తొక్కా గింజలతో సహా. రసం తీసి వడగట్టావంటే పీచంతా పిప్పిలోనే పోతుంది.

ఆదివారం సంగటి చేసుకో. గుప్పెడు బియ్యం నీళ్లెక్కువ పోసి మెత్తగా ఉడికించు. నీళ్లు మరుగుతుండగానే రాగి పిండి కుప్పగా పొయ్యి. వెంటనే కలిపావా, ఉండలు కడుతుంది. కట్టెతో మధ్యలో గుంట చేసి, మూత పెట్టి, సన్నని మంట మీద పది నిమిషాలు వదిలెయ్యి. తరువాత దించి, గిన్నె కదలకుండా పట్టుకుని బలంగా గెలుకు. తడి వేలితో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. పిండి మాత్రం జల్లించకు. జల్లెడలో మిగిలే పొట్టే నీకు కావలసింది.

ఆ పొడి తప్పదని డాక్టరే అంటే నిండు గ్లాసు నీళ్లతో తాగు. మాత్రలేవైనా వాడుతుంటే పొడితో కలిపి వేసుకోకు, ఎంత ఎడం ఉండాలో ఆయన్నే అడుగు. మలంలో రక్తం కనిపించినా, ఊరికే బరువు తగ్గుతున్నా నా చిట్కాలు నమ్ముకుని కూర్చోకు, వెళ్లి చూపించుకో.

శనివారం మీ పెదనాన్న అటు వస్తున్నారు. రెండు కిలోల రాగి పిండి, మా పాత సంగటి కట్టె పంపుతున్నాను. గిన్నె నువ్వే చూసుకో.

పెద్దమ్మ