నిద్రించారంటారు, ప్రభువు దగ్గరకు వెళ్లారంటారు: క్రైస్తవుల నమ్మకం ప్రకారం చనిపోయిన విశ్వాసి ఎక్కడున్నట్టు?

మీ స్నేహితురాలి అమ్మగారు పోయినప్పుడు వీధిలో కట్టిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించారు" అని ఉందని, భూస్థాపన దగ్గర పాస్టర్ గారు మాత్రం "ఆమె ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నారు" అన్నారని రాశారు. ఈ రెండిట్లో దేన్ని నమ్ముతారని అడిగారు. పలకరించడానికి వెళ్తే ఏం మాట్లాడాలో కూడా అడిగారు. నేను లూథరన్ కుటుంబంలో పుట్టాను, ప్రొటెస్టెంట్లలో అదొక శాఖ. ఆరేళ్ల క్రితం మా అమ్మ పోయింది. మీకు వచ్చిన సందేహమే మాకు సమాధి రాయి చెక్కించేటప్పుడు వచ్చింది.

మాది తెనాలి పక్కన పల్లెటూరు. సమాధి కట్టడం పూర్తయ్యాక నాన్న, నేను రాళ్లు చెక్కే ఆయన దగ్గరకు వెళ్లాం. ఆయన అమ్మ పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ కాగితం మీద రాసుకుని, "పైన ఏం వెయ్యమంటారమ్మా? 'నిద్రించుచున్నారు' అనా, 'మహిమ ప్రవేశం' అనా? మీవాళ్లు రెండూ వేయించుకుంటారు" అన్నాడు. పెన్ను పట్టుకుని ఆగాడు. నాన్న నా వంక చూశారు. మహిమ ప్రవేశం అంటే ప్రభువు దగ్గరకు చేరడం. చిన్నప్పటి నుంచి వింటున్న మాటలే, కానీ ఒకటి ఎంచుకోమనేసరికి ఇద్దరికీ నోరు పెగల్లేదు. రేపు వచ్చి చెబుతామని లేచి వచ్చేశాం.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. చాలా సంఘాలు రెండు మాటలూ నమ్ముతాయి. నిద్రించేది శరీరం, ప్రభువు దగ్గర ఉండేది ఆత్మ. సిలువ మీద పక్కనున్న దొంగతో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు. పరదైసు అంటే స్వర్గం. నేడు అన్నాడు, యుగాంతంలో అనలేదు. తొలినాటి సంఘాలకు పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన అపొస్తలుడు పౌలు కూడా ఫిలిప్పీ వాళ్లకు రాసినదాంట్లో, ఈ లోకం విడిచి క్రీస్తుతో ఉండటమే తనకు మరీ మేలు అని రాశాడు. అదే పౌలు థెస్సలొనీక వాళ్లకు రాసిన మొదటి పత్రికలో చనిపోయినవాళ్లను "నిద్రించుచున్నవారు" అంటాడు. క్రీ.శ. 50 ప్రాంతంలో రాసిన పత్రిక అది. ప్రభువు రాకముందే మావాళ్లు పోయారే, వాళ్ల గతేమిటని అక్కడి విశ్వాసులు బెంగపడ్డారు. రాకడలో, అంటే యేసు తిరిగి వచ్చినప్పుడు, ముందు లేచేది వాళ్లేనని పౌలు వాళ్లకు ధైర్యం చెప్పాడు.

ఈ విషయంలో తడబడింది మేమొక్కళ్లమే కాదు. 1330లలో పోప్ 22వ జాన్, తీర్పు దినం వరకు విశ్వాసుల ఆత్మలు దేవుణ్ణి ముఖాముఖి చూడవని ప్రసంగాలు చేస్తే పెద్ద గొడవే అయింది. 1334లో చనిపోయే ముందు ఆయనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తర్వాత వచ్చిన పోప్ 12వ బెనెడిక్ట్ 1336లో, శుద్ధి పొందిన ఆత్మలు ఆలస్యం లేకుండా దేవుణ్ణి చూస్తాయని తేల్చి చెప్పాడు.

ఆ రాత్రి మా ఇంట్లో అందరూ ఉన్నారు. అమ్మ పుట్టిల్లు ఆర్సీఎం, అంటే రోమన్ కథోలికులు. పిన్ని నా పక్కన కూర్చుని "అక్క పేరున గుడిలో పూజ పెట్టించానమ్మా" అంది. వాళ్లు చర్చిని గుడి అని, అక్కడి ఆరాధనను పూజ అని అంటారు. కథోలికులు ఉత్తరించు స్థలం అని ఒకటి నమ్ముతారు. దేవుని కృపలోనే చనిపోయినా ఇంకా పూర్తిగా శుద్ధి కానివాళ్లు అక్కడ శుద్ధి పొంది పరలోకం చేరతారని, బతికున్నవాళ్ల ప్రార్థనలు వాళ్లకు సాయపడతాయని వాళ్ల బోధ. నవంబరు 2న వాళ్లు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించేది అందుకే. అది నరకం లాంటిదని కొందరు అనుకుంటారు, కాదు. అక్కడున్న ప్రతివాళ్లకూ రక్షణ ఖాయమే. మేము ప్రొటెస్టెంట్లం దీన్ని ఒప్పుకోం, క్రీస్తు బలి ఒక్కటే చాలునంటాం. అయినా పిన్ని ఆ మాట అన్నప్పుడు నేను వాదించలేదు. అక్క కోసం ఇంకా ఏదో ఒకటి చెయ్యాలనే ప్రేమ అందులో కనపడింది.

మా అక్క భర్త అడ్వెంటిస్టు, అది ఇంకో ప్రొటెస్టెంట్ శాఖ. చనిపోయినవాళ్లకు స్పృహ ఉండదని, పునరుత్థానం వరకు, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేచే రోజు వరకు, అంతా నిద్రేనని వాళ్ల నమ్మకం. "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అని ప్రసంగి గ్రంథంలో ఉన్న మాట చూపిస్తారు. బావ ఆ రాత్రి నాతో అన్నది నాకు ఇప్పటికీ గుర్తే: "అత్తయ్య కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా ప్రభువే. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో ఆమెకు తెలియదు." నా నమ్మకం వేరే అయినా ఆ మాటకు నాకు కన్నీళ్లు ఆగలేదు.

 

అయితే ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. "ఆత్మ పైకి వెళ్లిపోయింది, అంతే" అన్నది పూర్తి క్రైస్తవ నమ్మకం కాదు. మావాళ్లే చాలామంది అక్కడితో ఆపేస్తారు. అమ్మకు చివరి స్నానం చేయించింది అక్క, నేను. కీమో వల్ల ఆమె చేతి గోళ్లు నల్లబడ్డాయి, కుడి మణికట్టు దగ్గర సూదులు గుచ్చిన చోట చర్మం ఇంకా కమిలే ఉంది. ఆ చేతిని తుడుస్తుంటే పక్కనున్న ఒకావిడ "ఆమె ఇందులో లేదమ్మా, ఇది ఖాళీ డబ్బా" అంది. ఓదార్చడానికే అంది, కానీ నా గుండె చివుక్కుమంది. మా విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం "శరీర పునరుత్థానం" నమ్ముతామని నిలబడి చెబుతాం. శరీరం తీసి పారేసే తొడుగు కాదు. పౌలు దాన్ని విత్తనంతో పోల్చాడు. నాటింది ఒకలా ఉంటుంది, మొలిచేది మహిమతో ఉంటుంది, అయినా ఆ గింజ నుంచి వచ్చిందే. ఆ నల్లబడిన గోళ్ల చెయ్యే బాగుపడి లేస్తుందని నేను నమ్ముతున్నాను. పరలోకం కూడా మధ్యలో ఆగే చోటు లాంటిదే. చివరికి ప్రకటన గ్రంథం చెప్పేది కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి.

మా సమాధుల తోటలో గొయ్యి తీసే తాత అమ్మ తలను పడమర వైపు, కాళ్లను తూర్పు వైపు ఉంచాడు. ఎందుకు తాతా అంటే, "లేచి కూర్చుంటే పొద్దుకెదురుగా ఉండాలి కదమ్మా" అన్నాడు. చాలా దేశాల్లో క్రైస్తవుల పాత ఆచారం ఇది. ఈస్టర్ నాడు తెల్లవారకముందే మేం అక్కడికి వెళ్తాం. అంతకు రెండు రోజుల ముందే సమాధులకు సున్నం వేస్తాం. చీకట్లో పాటలు పాడుతుంటే ఆకాశం ఎర్రబడుతుంది, అమ్మ రాయి మీద ఒక్కో అక్షరం కనబడటం మొదలవుతుంది. చివరికి నాన్నే తేల్చారు, "పునరుత్థాన నిరీక్షణతో విశ్రమించుచున్నారు" అని వేయించారు. నిరీక్షణ అంటే మా మాటల్లో ఆశ.

ఇక మీ స్నేహితురాలితో ఏం మాట్లాడాలన్నది. మా ఇంటికి వచ్చిన ఒక సంఘ పెద్ద "విశ్వాసులు ఏడవకూడదు, అమ్మ మహిమలో ఉంది" అని నన్ను అందరి ముందూ మందలించారు. ఆ తర్వాత వారం రోజులు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా, సమాధి దగ్గరకు వెళ్లేముందు "యేసు కన్నీళ్లు విడిచెను". పౌలు కూడా దుఃఖపడొద్దని ఎక్కడా అనలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు, అంతే. కాబట్టి ఆమెను ఏడవనివ్వండి. ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్లను ఓదార్చడానికి జరిపే ప్రార్థన, పెడితే వెళ్లండి, మీరు క్రైస్తవులు కాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వెనక కూర్చుని పాటలు వినండి, భోజనం చేసి రండి. మా పక్కింటి సుబ్బమ్మ గారు, రోజూ పూజ చేసుకునే మనిషి, నా దగ్గర కూర్చుని పరలోకం మాట ఎత్తలేదు. "మీ అమ్మ చింతచిగురు పప్పులో ఏం వేసేదే, మా ఇంట్లో ఎప్పుడూ ఆ రుచి రాదు" అంది. ఆ రోజు గంటసేపు అమ్మ గురించే చెప్పాను.